ఫోన్ జేబులోంచి తీయకుండా ఆడే దాగుడుమూతలు: చేతి పట్టీకి స్క్రీన్ ఉండాలా, వద్దా?

రాగిసంకటి (బెళ్లందూరు), శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మేం కొంతమంది స్నేహితులం కలిసి వారాంతాల్లో ఒక ఆట తయారు చేస్తున్నాం. మన దాగుడుమూతలే, కాకపోతే దొంగకీ దాక్కున్నవాళ్లకీ చేతికి ఒక్కో పట్టీ ఉంటుంది. దొంగ దగ్గరికొచ్చేకొద్దీ దాక్కున్నవాళ్ల పట్టీ అదురుతుంది, దొంగ పట్టీ కూడా అదురుతుంది కానీ ఎవరి వల్లో చెప్పదు. అపార్ట్‌మెంట్ ఆవరణలో, పార్కులో, ఎక్కడైనా ఆడుకోవచ్చు.

మొదట ఇదంతా ఫోన్ యాప్‌గానే చేశాం. బెంగళూరు కబ్బన్ పార్క్‌లో వెదురు పొదల దగ్గర పిల్లలతో ఆడించి చూశాం. ఒక పాప పరిగెత్తుకుంటూ వచ్చి ఆగుతుంది, ఎండకి స్క్రీన్ కనపడక అరచేయి అడ్డం పెట్టుకుని మ్యాప్ చూస్తుంది, నాలుగడుగులేసి మళ్లీ ఆగుతుంది, అలా ఆట మొత్తం తల దించుకునే ఆడింది, రెండు చెట్ల అవతల నిలబడ్డ తమ్ముడు మాత్రం దానికి కనపడలేదు. అందుకే పట్టీ వైపు వచ్చాం.

ఇప్పుడు పట్టీలో ఉన్నవి ఎన్ఆర్ఎఫ్52832 బ్లూటూత్ చిప్ (పక్క పట్టీల సిగ్నల్ బలాన్ని బట్టి దూరం అంచనా వేస్తుంది), కదలికని పసిగట్టే ఎంపీయూ6050 సెన్సర్, 150 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ, మామూలు కాయిన్ మోటర్, చిన్న ఓలెడ్ స్క్రీన్, ఒక బటన్. నా ప్రశ్నలు మూడు. స్క్రీన్ ఉంచాలా? చెయ్యి ఊపితే పనిచేసే సైగలు పెట్టాలా? అదురులో ఎన్ని రకాలు పెడితే మనిషి గుర్తు పట్టగలడు? ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

కంపనరేఖ (ఎలక్ట్రానిక్ సిటీ), శనివారం ఉదయం 10:02

స్క్రీన్ తీసేయండి. అది చేతి మీద ఉన్నంతకాలం అందులో ఏదో ఒకటి చూపించాలనిపిస్తుంది మీకు, చూపించినదల్లా పిల్లలు చూస్తారు, ఫోన్‌తో వచ్చిన ఇబ్బందే మణికట్టు మీదకి వస్తుంది.

స్క్రీన్ లేకుండా ఎంత నడుస్తుందో తెలుసుకోవాలంటే పోకెమాన్ గో ఫోన్ ఆటకి తోడుగా 2016లో వచ్చిన పోకెమాన్ గో ప్లస్ పట్టీ చూడండి. అందులో ఉన్నది ఒక బటన్, ఒక రంగుల లైటు, ఒక మోటర్, ఒక సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, అంతే. దగ్గర్లో పోకెస్టాప్ (ఆటలో వస్తువులు దొరికే చోటు) ఉంటే నీలం, పోకెమాన్ ఉంటే ఆకుపచ్చ, ఇంతవరకు పట్టని రకమైతే పసుపు. బటన్ నొక్కితే పని అయిపోతుంది, ఫోన్ జేబులోనే ఉంటుంది. ఆ ఆటలో మీకు నచ్చనివి ఎన్నున్నా, ఆ వస్తువు మాత్రం బాగా ఆలోచించి చేసినదే.

అదురు గురించి. మీ కాయిన్ మోటర్ లోపల ఒక పక్కకి బరువున్న చక్రం తిరుగుతుంది. అది వేగం అందుకోవడానికీ ఆగడానికీ టైమ్ పడుతుంది కాబట్టి చిన్న చిన్న దెబ్బలు విడివిడిగా రావు, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పైగా బలం తగ్గిస్తే వేగం కూడా తగ్గుతుంది, రెండూ వేరు చేయలేరు. దాని బదులు ఎల్ఆర్ఏ అనే రకం మోటర్ వాడండి, అందులో స్ప్రింగ్ మీద అయస్కాంతం ముందుకీ వెనక్కీ ఊగుతుంది, టక్కున మొదలై టక్కున ఆగుతుంది. మన చర్మం లోపలి పసినియన్ కణాలకి సెకనుకి 250 సార్ల దగ్గరి కంపనం బాగా తెలుస్తుంది, ఎల్ఆర్ఏలు ఆ చుట్టుపక్కలే పనిచేస్తాయి.

ఇక ఎన్ని రకాలంటే, కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షిస్తే మనుషులు చాలా రకాలు గుర్తు పడతారు, ఆ లెక్క నమ్మకండి. కదిలే చేతికి స్పర్శ మందగిస్తుంది, పరిగెత్తేటప్పుడు అడుగు పడ్డ ప్రతిసారీ వచ్చే అదురు కింద మీ అదురు కొట్టుకుపోతుంది. నన్నడిగితే మూడుకి మించి వద్దు, ఆ మూడూ బలంలో కాదు, తాళంలో తేడాగా ఉండాలి. ఒకటి నెమ్మదిగా, ఒకటి జంటగా, ఒకటి ఆగకుండా.

మైదానం (హెచ్ఎస్ఆర్ లేఅవుట్), శనివారం మధ్యాహ్నం 12:40

నేను మొబైల్ గేమ్‌లు చేస్తాను. నాకు అసలు ఈ కొత్త వస్తువు ఎందుకో అర్థం కావడం లేదు బ్రో. స్మార్ట్ వాచీలు జనం చేతికి ఎప్పుడో వచ్చేశాయి. ఆపిల్ వాచ్ 2015లోనే వచ్చింది, దానిలో అదురు మీరు చేయబోయేదానికన్నా చాలా బాగుంటుంది. యాప్ రాస్తే సరిపోతుంది కదా? హార్డ్‌వేర్ అంటే తయారీ, ఛార్జింగ్, రిపేర్, ఇవన్నీ నెత్తి మీదకి వస్తాయి.

ఇంకో మాట, స్క్రీన్ తీసేస్తే ఆట చప్పగా అయిపోతుందని నా భయం. ఆటగాడికి తన స్కోర్, మిగిలిన టైమ్, ఎవరు ఔటయ్యారో తెలియాలి. ఇవేవీ తెలియకపోతే ఎందుకు పరిగెడుతున్నానో తెలియని టెన్షన్ తప్ప మజా ఉండదు.

కంపనరేఖ, శనివారం మధ్యాహ్నం 1:15

తొమ్మిదేళ్ల పిల్లల చేతికి ఎన్ని ఇళ్లలో స్మార్ట్ వాచీ ఉంటుంది? ఉన్నా, ఒక్కో కంపెనీది ఒక్కో మోటర్, నేను జంటగా కొట్టమన్నది ఒకదానిలో జంటగా, ఇంకోదానిలో ఒకే పొడుగు గీతలా వస్తుంది. అదురే భాష అయిన ఆటలో అది కుదరదు. అయితే తాళాలు ముందు వాచీ మీద పెట్టి పరీక్షించుకోవడం మంచి ఆలోచనే, అది ఒప్పుకుంటాను.

టైమ్ విషయానికొస్తే కబడ్డీలో కూత ఉంది చూడండి. రైడర్ ఊపిరే అతని గడియారం, కూత ఆగితే ఔట్, అది రెండు జట్లకీ వినిపిస్తుంది, ఎవరూ ఎక్కడా చూడక్కర్లేదు. ఇప్పుడు పోటీల్లో 30 సెకన్ల లెక్క కూడా వచ్చింది కానీ కూత తీసేయలేదు. మిగిలిన సమయాన్ని ఒంటితోనే తెలియజేసే దారి మన ఆటల్లో ముందే ఉంది, దాన్ని వదిలేసి స్క్రీన్ మీద అంకెలు ఎందుకు?

ఎస్పీరోడ్‌వాసి, శనివారం సాయంత్రం 4:30

డిజైన్ సంగతి మీరు చూసుకోండి, నేను చేతికి మట్టి అంటుకునే సంగతులు చెప్తాను.

ఒకటి, బిళ్ల బ్యాటరీ వైపు పోవద్దు. సీఆర్2032లో 220 ఎంఏహెచ్ దాకా ఉంటుంది నిజమే, కానీ లోపలి నిరోధం ఎక్కువ. మోటర్ ఒక్కసారి లాగగానే వోల్టేజ్ పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది, వాడుకునేవాళ్లకి అది "అప్పుడప్పుడు దానంతటదే ఆగిపోతోంది" అని కనపడుతుంది, కారణం వెతకడానికి ప్రాణం పోతుంది. పోకెమాన్ పట్టీకి నడిచిందంటే అది ఎప్పుడో ఒకసారి కదలడం వల్ల. మీది రేడియోని తెరిచి పెట్టుకుని పక్కవాళ్ల కోసం వింటూ ఉండాలి, ఈ చిప్‌కి వినడానికే 5 మిల్లీ ఆంపియర్లకి పైన అవుతుంది. మీ 150 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీయే కరెక్ట్, మోటర్ పక్కన మాత్రం ఒక మంచి కెపాసిటర్ (కొంచెం కరెంటు దాచుకుని అవసరానికి టక్కున ఇచ్చేది) పెట్టండి.

రెండు, మోటర్ తీగలు. వెంట్రుక లావుంటాయి, అతుకు దగ్గరే తెగుతాయి, ఎందుకంటే మోటర్ పనే అదరడం. అతికించాక ఆ చోట జిగురు చుక్క వేసి, తీగని ఒక చిన్న మెలిక తిప్పి వదలండి, బిగుతుగా లాగి పెట్టొద్దు. మోటర్‌ని కేసు అడుగు భాగానికి, అంటే చర్మానికి ఆనే వైపుకి అంటించండి, బోర్డుకి అంటిస్తే ఎంపీయూ6050 మోటర్ అదురునే కదలిక అనుకుంటుంది.

మూడు, చెమట. బయటికి కనపడే రాగి పచ్చబడిపోతుంది. ఛార్జింగ్ పిన్నులకి బంగారు పూత ఉన్నవే తీసుకోండి. బకిల్‌లో నికెల్ ఉంటే కొందరి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, సిలికాన్ పట్టీ, ప్లాస్టిక్ బకిల్ చాలు. ఎంపీయూ6050 కొనేటప్పుడు మన ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో నకిలీలు కూడా దొరుకుతాయి జాగ్రత్త, తెలిసిన షాపులో అడిగి తీసుకోండి.

తుంగభద్ర, శనివారం రాత్రి 9:50

ఇక్కడి చర్చ బాగుంది కాబట్టి పాత విషయాలు కొన్ని చెప్తాను, ఎందుకంటే ఈ దారిలో ముందే నడిచినవాళ్లు ఉన్నారు.

2000లో దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్లు ఏఆర్‌క్వేక్ అని చేశారు. వీపున కంప్యూటర్ ఉన్న బ్యాగు, తలకి డిస్‌ప్లే, ఆరుబయట క్యాంపస్‌లో తిరుగుతూ కల్పిత రాక్షసులని కాల్చే ఆట. కొన్నేళ్లకి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు, దెయ్యాలు వెంటపడే ప్యాక్‌మ్యాన్ వీడియో గేమ్‌ని నిజం మనుషులతో ఆడించే హ్యూమన్ ప్యాక్‌మ్యాన్ చేశారు. అందులోనూ బరువైన సరంజామా ఉంది, కానీ ఒక గొప్ప విషయం ఉంది: దెయ్యంగా ఆడే మనిషి ప్యాక్‌మ్యాన్‌గా ఆడే మనిషిని పట్టుకోవాలంటే భుజం మీద ఉన్న స్పర్శ సెన్సర్‌ని నిజంగా చేత్తో తాకాలి. అంటే మన "ఔట్!" అదే. ఇన్ని యంత్రాలు మోసుకుని కూడా ఆట మలుపు మనిషి మనిషిని తాకడం దగ్గరే పెట్టారు. మీ పట్టీలో దొరికిపోవడాన్ని బ్లూటూత్ దూరంతో తేల్చకండి. దొంగ వచ్చి పట్టీ మీద చెయ్యి వేస్తేనే ఔట్ అనండి.

రెండోది ఇంకా ముఖ్యం. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మాథ్యూ చామర్స్ బృందం ట్రెజర్ అనే ఆట చేసింది. వైఫై సిగ్నల్ లేని చోట నాణేలు ఏరుకోవాలి, వాటిని భద్రం చేసుకోవాలంటే సిగ్నల్ ఉన్న చోటికి పరిగెత్తాలి. మామూలుగా అందరూ దాచిపెట్టే లోపాన్ని వాళ్లు ఆట నియమంగా మార్చేశారు. బ్లాస్ట్ థియరీ అనే బ్రిటన్ కళాకారుల బృందం వాళ్లు నాటింగ్‌హామ్ పరిశోధకులతో కలిసి 2001లో చేసిన వీధి ఆటలోనూ ఇలాంటిదే జరిగింది, జీపీఎస్ ఎక్కడ తప్పు చూపిస్తుందో వీధుల్లో పరిగెత్తేవాళ్లకి తెలిసిపోయి దాన్నే ఎత్తుగా వాడుకున్నారు.

మరి మీ పట్టీకి ఉన్న లోపం ఏమిటి? బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, మనిషి ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాలని బాగా పీల్చుకుంటుంది. దొంగకీ పట్టీకీ మధ్య ఒళ్లు అడ్డం వస్తే సిగ్నల్ ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి తంటాలు పడకండి, అదే మీ ఆట.

రాగిసంకటి, ఆదివారం ఉదయం 7:25

తుంగభద్ర గారూ, మీ పోస్ట్ చదివి రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా. సిగ్నల్ బలం అంకెలు గెంతుతున్నాయని మా కుర్రాడు ఫిల్టర్ మీద ఫిల్టర్ వేస్తున్నాడు, అది నున్నగా అయ్యేకొద్దీ దొంగ వచ్చి వెళ్లిపోయాక పట్టీ అదురుతోంది. ఒళ్లు అడ్డం పెట్టడమే దాక్కోవడం అనుకుంటే ఆ గోలంతా అక్కర్లేదు.

ఒక సాంకేతిక సందేహం. బ్లూటూత్ ప్రకటన సిగ్నల్ ("నేనిక్కడున్నాను" అని పట్టీ పంపేది) 37, 38, 39 అని మూడు ఛానళ్ల మీద వస్తుంది కదా, ఒక్కో దాంట్లో బలం ఒక్కోలా ఉంటోంది. అన్నీ కలిపి సగటు తీయాలా?

కంపనరేఖ, ఆదివారం ఉదయం 8:40

సగటు వద్దు. ఆ కొద్ది క్షణాల్లో వచ్చిన వాటిలో అన్నిటికన్నా బలమైనది తీసుకోండి. గోడలకి తగిలి వచ్చే ప్రతిబింబాలు ఒక ఛానల్‌ని చంపేసినా ఇంకోటి బతికే ఉంటుంది. ఒళ్లు అడ్డం వచ్చినప్పుడు మాత్రం మూడూ పడతాయి, మీకు కావలసిన తేడా అదే.

ఇంకోటి, వినే పని పట్టీలకే వదిలేయండి, ఫోన్‌కి ఇవ్వకండి. ఆండ్రాయిడ్ 7 నుంచి 30 సెకన్లలో 5 సార్లకి మించి స్కాన్ (చుట్టూ ఉన్న బ్లూటూత్ సిగ్నల్స్ వెతకడం) మొదలుపెట్టనివ్వదు, స్క్రీన్ ఆఫ్‌లో ఉంటే ఇంకా ఆంక్షలున్నాయి. ఫోన్ ఆట మొదలుపెట్టడానికీ, చివర్లో ఎవరు ఎంతసేపు దాక్కున్నారో చూసుకోవడానికీ చాలు.

మైదానం, ఆదివారం ఉదయం 11:05

సరే, ఇప్పుడు నాకు ఇందులో ఆట కనపడుతోంది. నియమం ఇలా ఉండొచ్చు: దాక్కున్నవాడు పట్టీ ఉన్న చేతిని పొట్టకి ఆనించుకుని, దొంగ వచ్చే వైపుకి వీపు తిప్పితే సిగ్నల్ తగ్గుతుంది, దొంగ పట్టీ అదురు తగ్గుతుంది. కానీ వీపు తిప్పితే దొంగ ఎటు నుంచి వస్తున్నాడో వాడికి కనపడదు! చూడాలా, దాగాలా అన్నది తేల్చుకోవాలి. ఈ ఒక్క దాని చుట్టూ ఆట మొత్తం నడుస్తుంది, స్కోర్ అంకెలు ఎవడిక్కావాలి.

ఇద్దరు స్నేహితులు కలిసి ఒకరికొకరు అడ్డం నిలబడొచ్చు కూడా. చిన్నప్పుడు చెల్లెల్ని వెనకాల దాచుకుని నిలబడేవాళ్లం, అది పనికొచ్చే ఎత్తు అవుతుంది ఇప్పుడు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభాల మధ్య ఆడితే అదిరిపోతుంది, అక్కడ జీపీఎస్ అందదు, దీనికి జీపీఎస్‌తో పనే లేదు.

మల్లెపందిరి (మారతహళ్లి), ఆదివారం మధ్యాహ్నం 2:20

బేస్‌మెంట్ పార్కింగ్ అనగానే నేను రాయాల్సి వస్తోంది. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు మలుపు తిరిగే చోట ఎదుటివాళ్లు కనపడరు, అక్కడ పిల్లలు వీపు తిప్పి నిలబడే ఆట అంటే నేను ఒప్పుకోను. ఆడే చోటుని ముందే ఒక హద్దు బీకన్‌తో (సిగ్నల్ పంపుతూ ఉండే చిన్న పరికరం) గుర్తించి, అది దాటితే ఆగకుండా అదిరేలా పెట్టండి. కంపనరేఖ గారు చెప్పిన మూడు తాళాల్లో ఒకటి దీనికే వదలాలి, ఇది మాత్రం బేరం లేదు.

రెండో మాట ఇంకా ముఖ్యం. పట్టీ ఎప్పుడూ "నేనిక్కడున్నాను" అని గాల్లోకి చెప్తూ ఉంటే, ఆటలో లేని మనిషి కూడా ఒక ఫోన్ పట్టుకుని మా పాప ఎక్కడుందో వెతకొచ్చు కదా? ఆట అయ్యాక అది పూర్తిగా నోరు మూసుకోవాలి, ప్రతి ఆటకీ గుర్తింపు మారిపోవాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో 18 లోపు వాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి రుజువుతో సహా కావాలి, వాళ్ల మీద నిఘా పెట్టే రకం డేటా సేకరణ కుదరదని ఉంది. అసలు ఏదీ దాచకుండా ఉంటే ఆ తలనొప్పే లేదు.

మూడోది, పట్టీ చేతికే ఎందుకు? మా అమ్మ కూడా పిల్లలతో ఆడతానంటుంది, ఆవిడ చేతికి నిండా గాజులు. గాజులు పట్టీకి తగిలి గలగలమంటూ ఉంటే ఆ అదురు ఆవిడకేం తెలుస్తుంది? పట్టీలోంచి గుండ్రటి భాగం ఊడొచ్చి క్లిప్‌తో నడుముకో చొక్కా కాలర్‌కో పెట్టుకునేలా చేయండి.

చుక్కాని (వైట్‌ఫీల్డ్), ఆదివారం సాయంత్రం 6:00

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. సైగల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది నేను చెప్తా.

చెయ్యి ఊపితే పనిచేసే సైగలు డెమోలో అద్భుతంగా ఉంటాయి. 1989లో నింటెండో ఆటల కోసం మాటెల్ అమ్మిన పవర్ గ్లవ్ నుంచి, ముంజేతి కండరాల విద్యుత్తుని 8 సెన్సర్లతో చదివిన మయో పట్టీ దాకా ఇదే కథ. మయో 2018లో ఆగిపోయింది. సైగ ఏదో, మామూలు కదలిక ఏదో తేడా తెలియాలి. దాగుడుమూతల్లో పిల్లలు చేతులు ఊపుతారు, గెంతుతారు, కొమ్మ పట్టుకుని వేలాడతారు, వీటన్నిటిలో మీ సైగని వేరు చేయడం ఆ చిన్న సెన్సర్ వల్ల కాదు.

ఒకటే దారి ఉంది, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే సైగ లెక్కలోకి రావాలి. బటన్ గట్టిగా టక్‌మనాలి, చెమట చేతితో కూడా, చూడకుండా బొటనవేలికి దొరికేలా కొంచెం లోపలికి గుంటగా ఉండాలి, పైకి పొడుచుకుని ఉంటే కొమ్మలకి తగిలి నొక్కుకుంటుంది. లైటు పెడితే ఎరుపు, ఆకుపచ్చల మీద ఆధారపడకండి, మగవాళ్లలో ఆ రెండూ వేరుగా కనపడనివాళ్లు తక్కువేం కాదు. వెలిగే తీరులో తేడా పెట్టండి.

అడయార్ అల (చెన్నై), ఆదివారం రాత్రి 10:35

చెన్నై నుంచి ఒక కొత్త ఆలోచన, నచ్చితే తీసుకోండి. పట్టీలో గుండె వేగం చూసే సెన్సర్ పెడితే? దాక్కున్నవాడి గుండె దడదడలాడుతుంటే వాడి సిగ్నల్ బలంగా వెళ్లాలి, ఊపిరి నెమ్మది చేసుకుని గుండెని కుదుటపరుచుకుంటే సిగ్నల్ తగ్గాలి. దాక్కోవడం అంటే ఒంటిని దాచడమే కాదు, కంగారుని కూడా దాచడం.

ఈ సెన్సర్లు చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, రక్తం ఎంత పీల్చుకుందో చూస్తాయి. కదిలితే అంకెలు పాడవుతాయని అందరూ తిట్టుకుంటారు, కానీ ఈ ఆటలో అది అవసరమయ్యేది కదలకుండా కూర్చున్నప్పుడే! ముదురు రంగు చర్మం ఆ కాంతిని కొంత తనే పీల్చుకుంటుంది కాబట్టి మన పిల్లల మీద పరీక్షించాకే నమ్మండి. అందరికీ ఒకే హద్దు కూడా వద్దు, ఆట మొదట్లో ఎవరి లెక్క వాళ్లదే తీసుకుని దానికన్నా ఎంత పెరిగిందో చూడాలి.

మల్లెపందిరి, ఆదివారం రాత్రి 11:10

ఆలోచన చాలా బాగుంది తమ్ముడూ, చదువుతుంటే నాకే ఆడాలనిపించింది. ఆ గుండె అంకె మాత్రం పట్టీ దాటి బయటికి రాకూడదు, ఫోన్‌కి కూడా. పక్కింటి పిల్లల ముందు "నీ గుండె బలహీనం" అనే మాట ఒక్కసారి వచ్చిందంటే ఆ పిల్ల మళ్లీ ఆడదు.

రాగిసంకటి, సోమవారం ఉదయం 8:15

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. స్క్రీన్ తీసేస్తున్నాం, సైగలు వద్దు, పట్టుకోవడం చేత్తో తాకడమే. అక్క చెప్పిన హద్దు తాళం, ఆట ఆటకీ మారే గుర్తింపు మొదటి వెర్షన్‌లోనే ఉంటాయి. గుండె సెన్సర్ మీద మాలో మాకే ఇంకా వాదన నడుస్తోంది, మా హార్డ్‌వేర్ అబ్బాయి బ్యాటరీ గురించి భయపడుతున్నాడు, నాకు మాత్రం అది లేకుండా ఇక ఈ ఆటని ఊహించుకోవడం కష్టంగా ఉంది. ఎల్ఆర్ఏకి డ్రైవర్ చిప్ (మోటర్‌ని నడిపించేది) ఏది వాడమంటారు?

కంపనరేఖ, సోమవారం ఉదయం 9:00

డీఆర్‌వీ2605ఎల్. మోటర్‌ని మొదట్లో గట్టిగా తోసి, ఆఖర్లో బ్రేక్ వేసి ఆపడం అదే చూసుకుంటుంది. లోపల ముందే తయారుచేసి పెట్టిన 123 అదురులు ఉన్నాయి, వాటిని వదిలేసి మీ మూడు తాళాలు మీరే రాసుకోండి. పిల్లల చేత పరిగెత్తిస్తూనే పరీక్షించండి.

ఎస్పీరోడ్‌వాసి, సోమవారం ఉదయం 9:40

ఆ చిప్ ఉన్న బోర్డులు నా దగ్గర రెండు ఊరికే పడున్నాయి రాగిసంకటి గారూ. మెసేజ్ పెట్టండి, శనివారం కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ దగ్గర ఇచ్చేస్తాను. మోటర్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి, ఆరు తెచ్చుకోండి, రెండు తీగలు తెగుతాయి.